బోర్డు మీద వచ్చే మూవ్ హంపి బండ మీద ఎందుకు రావట్లేదు?

గ్రానైట్_వేళ్లు:
మాది హైదరాబాద్. తాడు లేకుండా చిన్న బండలెక్కే బౌల్డరింగ్ చేస్తుంటా. జిమ్‌లో బోర్డు (పట్టులు బిగించిన వాలు గోడ) మీద వీ8 దాకా ఎక్కుతున్నా (వీ పక్కన అంకె పెరిగేకొద్దీ కష్టం), కానీ హంపిలో సనాపూర్ వైపు ఒక వీ7 మీద రెండు చలికాలాలుగా నాలుగో మూవ్ దగ్గరే పడిపోతున్నా. ఎడమ చేతికి అగ్గిపెట్టె మందం కూడా లేని క్రింప్ (వేళ్ల కొనలే ఆనే సన్నటి అంచు), దాన్ని పట్టుకుని కుడి చెయ్యి పైకి విసరాలి. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, హోస్పేటలో దిగడం, రోజుకి ముప్పై నలభై సార్లు ప్రయత్నించడం, ఆదివారం మధ్యాహ్నానికి వేళ్ల చివర తోలు లేచిపోయి తిరిగి రావడం. ఈమధ్య చెయ్యి విసరకముందే 'మళ్లీ పోతుంది' అని టెన్షన్. బలం పెంచాలా, మనసు కుదుట పెట్టుకోవాలా?

పొద్దుటి_నీడ:
ముప్పై నలభై సార్లా! అక్కడే పోతోంది అన్నా. హంపి గ్రానైట్ పలుకులు చర్మాన్ని గీరేస్తాయి, గట్టిగా పది ప్రయత్నాలకు మించి ఆ వేళ్లలో ఉండవు. ఒక్కోదానికీ మధ్య ఐదు నిమిషాలు కూర్చోండి, గడియారం చూసి మరీ. తెల్లారేసరికి బండ దగ్గర ఉండాలి, ఎండ తగిలితే వేళ్లకు చెమట పట్టి అదే క్రింప్ జారుతుంది. వేలి కొన గులాబీ రంగుకొచ్చి మెరుస్తుంటే ఆరోజుకి ఆపేయండి, ఇంకొక్కసారి అనుకున్నారా మర్నాడు కూడా పోయినట్టే.

చాక్_సంచి:
ఫిన్లాండ్‌లో లాప్నోర్ అనే చోట ఉన్న బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్ అనే బండని నాలె హుక్కటైవల్ 2016లో ఎక్కాడు, ప్రపంచంలో మొదటి వీ17 అది. చిన్న బండే, కష్టమైన మూవ్‌లు ఐదే. దానికి ఏళ్లు పట్టింది, వేల ప్రయత్నాలు. 2023లో విల్ బోసి రెండోవాడిగా ఎక్కాడు, అంతకుముందే ఆ పట్టుల్ని స్కాన్ చేసి చేసిన నకలు మీద ప్రాక్టీస్ చేశాడు. మీకు స్కాన్ అక్కర్లేదు. ఆ గోడ వాలు ఎంతో కొలిచి, దాదాపు అలాంటి క్రింపే జిమ్‌లో బిగించుకుని ఆ ఒక్క మూవ్ చేయండి. శరీరానికి దారి తెలిశాక బండ మీద మిగిలేది రాపిడి సంగతే.

రెండో_వేలు:
ఒక్క హెచ్చరిక. క్రింప్ కోసమని రోజూ బోర్డు అయ్యాక హ్యాంగ్‌బోర్డుకి (వేళ్లతో వేలాడే పలక) వేలాడి ఉంగరపు వేలి పుల్లీ (స్నాయువుని ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీ) తెంచుకున్నాను, టప్ మని శబ్దం నాకే వినిపించింది. నాలుగు నెలలు ఖాళీ. కండ తొందరగా బలపడుతుంది, పుల్లీలు, స్నాయువులు చాలా నిదానం. వారానికి రెండుసార్లు, మధ్యలో రెండు రోజుల విరామం, చాలు.

ఇక టెన్షన్ సంగతి. మీరు ఐదో మూవ్ నుంచి పైదాకా ఎప్పుడైనా విడిగా ఎక్కారా? ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా కింద వేసే మందపాటి పరుపులు) పేర్చుకుని అక్కడ మొదలుపెట్టి టాప్ అవుట్ చేసి, అంటే బండ పైకి ఎక్కేసి చూడండి. పైన ఏముందో చేతులకి తెలియనప్పుడే విసరడానికి వెనకాడతాం.

గ్రానైట్_వేళ్లు:
లేదన్నా, నాలుగు దాటి పైన ఒక్క పట్టు కూడా ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ కింద నుంచే మొదలుపెడుతున్నా. డిసెంబర్‌లో వెళ్తున్నాం, మొదటి రోజంతా పై భాగానికే. ఐదో మూవ్ తలకంటే కాస్త ఎత్తులో ఉంటుంది, ఎన్ని ప్యాడ్లు తెచ్చుకోమంటారు?