అమ్మాయి శాట్ లెక్కలు - కొత్తగా వచ్చాం, సలహా కావాలి

ఫ్రిస్కో, టెక్సాస్:
అందరికీ నమస్కారం. జూన్‌లో విజయవాడ నుంచి వచ్చాం. మా అమ్మాయి అక్కడ సీబీఎస్ఈ పదో తరగతి పూర్తిచేసింది, ఇక్కడ పదకొండులో చేరింది. కాలేజీ ప్రవేశానికి రాసే ఈ శాట్ పరీక్ష కోసం ఆల్జీబ్రా, జామెట్రీ ఎలా ప్రాక్టీస్ చేయించాలి? కోచింగ్ తప్పదా? టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్, న్యూజెర్సీ:
చెల్లెమ్మా, ముందే కోచింగ్‌కి డబ్బు కట్టకు. శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లోనే ఉచితంగా దొరికే మాక్ టెస్ట్ ఒకటి టైమ్ పెట్టి రాయించు. 44 లెక్కలు, 70 నిమిషాలు, రెండు మాడ్యూళ్లు, అంటే రెండు భాగాలు. మొదటిది ఎలా చేసిందో చూసి రెండోది కష్టంగానో తేలిగ్గానో ఇస్తారు. జామెట్రీ, ట్రిగనామెట్రీ కలిపి 15 శాతమే. ఆల్జీబ్రా, అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కలిస్తే 70 శాతం దాకా ఉంటాయి. సమీకరణాల మీదే ఎక్కువ కూర్చోబెట్టు.

మన పిల్లలకు లెక్క వచ్చినా, ఏం అడిగారో చూసుకోక మార్కులు పోతాయి. 3ఎక్స్ + 5 = 20 అయితే 6ఎక్స్ + 10 ఎంత అన్నారు. మావాడు ఎక్స్ = 5 అని తేల్చి, ఆప్షన్లలో 5 కనబడగానే నొక్కేశాడు. జవాబు 40. అసలు ఎక్స్ కనుక్కోనక్కర్లేదు, 20ని రెట్టింపు చేస్తే చాలు.

నేపర్‌విల్, ఇల్లినాయ్:
మాటల తేడా కూడా చెప్పండి పాపకి. మన ట్రెపీజియం ఇక్కడ ట్రెపిజాయిడ్. మనం వై = ఎంఎక్స్ + సి అని నేర్చుకున్న చోట వీళ్లు చివర బి రాస్తారు. మా అమ్మాయి అదేదో కొత్త సూత్రం అనుకుని వారం రోజులు హైరానా పడింది.

ఫార్ములాల పేజీ పరీక్షలోనే ఇస్తారు కానీ వృత్త సమీకరణం అందులో ఉండదు. ఎక్స్² + వై² − 6ఎక్స్ + 8వై = 0 ఇచ్చి వ్యాసార్థం అడిగితే, రెండు వైపులా 9, 16 కలపాలి. (ఎక్స్ − 3)² + (వై + 4)² = 25 అవుతుంది. వ్యాసార్థం 5. ఇలాంటివి రోజుకు నాలుగైనా చేతితో చేయించండి.

డబ్లిన్, కాలిఫోర్నియా:
అమ్మా, తెలియనివి వదిలేయమను. తప్పు రాస్తే పావు మార్కు కోత. క్యాలిక్యులేటర్ కూడా ముట్టుకోనివ్వకు.

ఎడిసన్, న్యూజెర్సీ:
అంకుల్, ఆ కోత 2016లోనే తీసేశారు. ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. డెస్మాస్ అనే గ్రాఫ్ క్యాలిక్యులేటర్ ఇప్పుడు స్క్రీన్ మీదే ఉంటుంది. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అందులో గీస్తే వెంటనే కనిపిస్తుంది.

డబ్లిన్, కాలిఫోర్నియా:
కోత సంగతి సరే, మా పిల్లల నాటి మాట. గీత గీసి చూసే పిల్లకి రేపు కాలేజీలో కాల్‌క్యులస్ ఎలా వస్తుంది? నా మాట నాదే.

కేరీ, నార్త్ కరొలైనా:
మీరు అడగలేదు కానీ, పేరు సంగతి ఇప్పుడే చూసుకోండి. మావాడి ఇంటిపేరు స్కూల్ ఐడీలో ఫస్ట్ నేమ్‌గా పడింది. రిజిస్ట్రేషన్ పాస్‌పోర్టు చూసి చేశాం. తెల్లారి ఆరింటికే బయల్దేరి గంట దూరం వెళ్లాం. గుమ్మంలో ఆవిడ ఐడీ చూసి, హాల్ టికెట్ చూసి, "రెండు పేర్లూ కలవడం లేదు" అంది. ఇద్దరూ ఒకరే అని, మా ఊళ్లో ఇంటిపేరు ముందు రాస్తామని ఎంత చెప్పినా వినలేదు. పాస్‌పోర్టు ఇంట్లో ఉంది. ఎనిమిదికి తలుపులు మూసేశారు. ఆర్నెల్లు చదివిన పిల్లాడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఫీజు మళ్లీ కట్టాం.

ఫ్రిస్కో, టెక్సాస్:
అందరికీ చాలా థాంక్స్. కేరీ అక్కా, ఇప్పుడే ఐడీ తీసి చూశాను. మాదీ ఇంటిపేరే ముందు పడింది. సోమవారం పొద్దున్నే స్కూల్ ఆఫీసుకి వెళ్తున్నాను. మాక్ టెస్ట్ ఈ శనివారం.