ఒకే పాఠం, ఒకే వేగం: ప్రాథమిక బడిలో ఈ పద్ధతి మారాలా?

లెక్కల టీచర్:
పిల్లల్లోని శక్తిని, ప్రతిభను పెంచేలా పాఠ్యప్రణాళిక ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. మన బడుల్లో మాత్రం ఫలానా నెలలో ఫలానా పాఠం అయిపోవాలి. నా మూడో తరగతిలో ఒక పాప భాగహారం చేసేస్తోంది, పక్కన కూర్చున్న బాబుకు ఇంకా స్థానవిలువే అందలేదు. ఇద్దరికీ ఒకే రోజు ఒకే లెక్క! ఒకరికి విసుగు, ఇంకొకరికి భయం. బడి ఉన్నది సిలబస్ పూర్తి చేయడానికా, ఏ బిడ్డను ఆ బిడ్డగా ఎదగనివ్వడానికా?

ఆడపిల్ల తండ్రి:
టీచర్ గారూ, మా అమ్మాయి ఐదో తరగతి, నవోదయ పరీక్షకు చదువుతోంది. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. మేధాశక్తికి 40, లెక్కలకు 20, భాషకు 20. నీకేమిష్టం అని అక్కడ ఎవరూ అడగరు. సీటు వస్తే పన్నెండో తరగతి దాకా మాకు దిగులు లేదు. ఉన్నవాళ్ల పిల్లలు నిదానంగా ఎదగవచ్చు, వెనక ఆస్తి ఉంటుంది. కూలి చేసుకునే నాలాంటివాడికి అందరికీ ఒకటే పరీక్ష అన్నదే దక్కిన న్యాయం. దాన్ని తీసేయకండి.

పల్లెబడి పంతులు:
అయ్యా, మీ భయం నిజమైనదే. పరీక్ష తీసేయమని ఎవరూ అనడం లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల పద్ధతి చూడండి. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెన బొమ్మ, ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఒక అంకె. పిల్ల వచ్చి తన మెట్టు చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తానే తీసుకుంటుంది, తన గుంపులో కూర్చుంటుంది. పంతులు అవసరమైన గుంపు దగ్గరే ఎక్కువసేపు ఉంటాడు. వేరుశనగ కోతలకు వెళ్లి పది రోజులు మానేసిన పిల్ల ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది. మామూలు బడిలో ఆ పది రోజుల పాఠం పోయినట్టే. ఇది ఉన్నవాళ్ల ముచ్చట కాదు, మీ అమ్మాయి లాంటి పిల్లల కోసం పుట్టిన పద్ధతి.

విశ్రాంత పర్యవేక్షకుడు:
నాకు రెండు అభ్యంతరాలు. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటలో మొదలైన ‘నలి కలి’ అనే బోధన పద్ధతికి ప్రేరణ ఇదే. తమిళనాడు కూడా ఇలాంటి పద్ధతిని వేలాది బడులకు విస్తరించింది. కానీ కార్డులు చిరిగితే కొత్తవి రావాలి, శిక్షణ పొందిన టీచరు బదిలీ అయితే అంతా మళ్లీ మొదటికే. అసలు ప్రశ్న ఇంకోటి. వేగాలు వేరైనా ఎక్కేది ఒకే నిచ్చెన కదా! వ్యక్తిత్వం ఎక్కడ పెరిగింది?

పల్లెబడి పంతులు:
రెండోది చాలా సరైన మాట. చదవడం, రాయడం, లెక్క అందరికీ రావాలి, అక్కడ నిచ్చెన ఒకటే ఉండాలి. ఎవరి వేగం వాళ్లకు దొరికితే ఏ పిల్ల బొమ్మలు గీస్తూ ఆగిపోతోందో, ఎవరు పక్కవాళ్లకు నేర్పుతున్నారో నాకు కనిపిస్తుంది. నల్లబల్ల వైపు తిరిగి నిలబడినప్పుడు అది కనిపించేది కాదు. ఒక్కో పిల్లను ఎరగడం అక్కడే మొదలవుతుంది.

ఆడపిల్ల తండ్రి:
సరే పంతులు గారూ. ఐదో తరగతి అయ్యేసరికి మా పాప కింది మెట్టు మీదే ఉంటే జవాబు ఎవరు చెబుతారు?

పల్లెబడి పంతులు:
నేనే. అందుకే ఏడాది చివర మార్కుల కాగితం దాకా ఆగకూడదంటాను. ప్రతి నెలా మీరు బడికి రండి, మీ పాప ఏ మెట్టు మీద ఉందో తానే మీకు గోడమీద చూపిస్తుంది. రెండు నెలలు అక్కడే ఉంటే నన్ను నిలదీయండి.