వినికిడి బాగానే ఉన్నప్పుడు తల తిరగడానికి చెవి ఎలా కారణమవుతుంది?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 63 ఏళ్లు. పది రోజుల క్రితం తెల్లవారుజామున కుడి పక్కకు ఒత్తిగిల్లగానే ఇల్లంతా గిర్రున తిరిగినట్లయి, మంచం పట్టె పట్టుకుని కేక వేసింది. అర నిమిషంలో తగ్గిపోయింది గాని, అప్పటినుంచి కుడివైపు ఒత్తిగిల్లినా, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా మళ్లీ అదే బాధ. బీపీ, షుగర్ చూపించాము. రెండూ సరిగానే ఉన్నాయి. మెడ ఎముకలు అరిగాయని ఒకరు, పైత్యమని ఒకరు చెప్పారు. చివరికి ఒక వైద్యుడు ఇది లోపలి చెవికి సంబంధించినదన్నారు. కానీ పక్క గదిలో గుసగుసలాడినా అమ్మకు వినిపిస్తుంది. చెవిపోటు లేదు, చీము లేదు, హోరు లేదు. మరి చెవికీ దీనికీ సంబంధం ఏమిటో దయచేసి ఎవరైనా వివరించగలరా?

జవాబు 1 (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్)

మీ సందేహంలో మా వంటి ఉపాధ్యాయుల తప్పు కూడా ఉంది. చెవి బొమ్మ గీయించి, కర్ణభేరి, కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని భాగాలు గుర్తింపజేసి, చాలాసార్లు శబ్దం దగ్గరే పాఠం ముగించేస్తాము. కణత ఎముక లోపల దాగి ఉన్న లోపలి చెవికి ఒక కొసన నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తం, మరో కొసన ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా అమరిన మూడు అర్ధవర్తుల కుల్యలు (అరవలయం ఆకారపు సన్నని గొట్టాలు), ఈ రెంటి నడుమ పేటిక, సంచిక అనే రెండు చిన్న తిత్తులు ఉంటాయి. వీటన్నిటిలో నిండి ఉండేది ఒకే ద్రవం, అంతరలసిక. అన్నిటిలోనూ కదలికను పసిగట్టేవి సన్నని రోమాలు గల కణాలే. కర్ణావర్తంలో ఆ రోమాలను కదిలించేది శబ్దం. మిగిలిన చోట్ల కదిలించేది మన తల కదలిక.

ఒప్పులకుప్ప ఆట గుర్తు చేసుకోండి. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరిగి ఆగితే, కాళ్లు ఆగినా వాకిలి తిరుగుతూనే ఉంటుంది. కాసేపు తిరిగేసరికి కుల్యలోని ద్రవం కూడా గోడలతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. మనం చటుక్కున ఆగినప్పుడు అది మాత్రం ఆగక ముందుకు సాగి, రోమాలు పొదిగి ఉన్న జిగురు పొరను వంచుతుంది. తల ఇంకా తిరుగుతూనే ఉందని మెదడుకు కబురు వెళ్తుంది. మీ అమ్మగారికి ఏ ఆటా ఆడకుండానే ఆ కబురు వెళ్తోంది.

జవాబు 2 (చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు)

"కళ్లు తిరుగుతున్నాయి" అని ఎవరైనా వస్తే, గది తిరిగినట్లుందా, కళ్ల ముందు చీకట్లు కమ్మినట్లుందా, నడుస్తుంటే తూలినట్లుందా అని మొదట అడుగుతాను. మన వాడుకలో మూడింటికీ తరచు ఒకే మాట వినిపిస్తుంది గాని, కారణాలు వేరు. మీరు వ్రాసినదాన్ని బట్టి మీ అమ్మగారిది మొదటిది.

పేటికలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అంటుకుని ఉంటాయి. తల వంచినప్పుడు అవి తమ బరువుకు కాస్త జరిగి, నేల ఎటు ఉందో మెదడుకు తెలియజేస్తాయి. వయసు పైబడినప్పుడో, తలకు దెబ్బ తగిలినప్పుడో, చాలామందిలో ప్రత్యేక కారణమేదీ కనబడకుండానో, వాటిలో కొన్ని ఊడి కుల్యలోకి, ఎక్కువగా వెనుక కుల్యలోకి, చేరతాయి. తల భంగిమ మారినప్పుడు ఆ రేణువులు కిందికి జారుతూ ద్రవాన్ని కదిలిస్తాయి. అవి అడుగుకు చేరి నిలిస్తే తిప్పు ఆగుతుంది. అర నిమిషంలో తగ్గిపోవడానికి కారణం ఇదే. కర్ణావర్తం జోలికి అవి పోవు గనుక వినికిడి చెక్కుచెదరదు.

దీనికి మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్‌లు 1952లో వివరించిన పరీక్ష చాలు. తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లను గమనిస్తాము. చెవిలో రేణువులు కదిలితే కనుగుడ్లు నిజంగానే అదురుతూ మెలితిరుగుతాయి. "కళ్లు తిరగడం" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. చెవి, కన్ను ఇంతగా ముడిపడి ఉన్నాయని తేల్చిన పరిశోధకుల్లో వియన్నాకు చెందిన రాబర్ట్ బరానీ ముఖ్యుడు. చెవిలోకి చన్నీళ్లు పోసినప్పుడు కళ్లు ఒకవైపు, వేడినీళ్లు పోసినప్పుడు ఎదురువైపు అదరడాన్ని గమనించిన ఆయనకు 1914 నోబెల్ బహుమతి లభించింది.

రేణువులను తిరిగి పేటికలోకి చేర్చేందుకు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన విధానం ఉంది. తలను ఒక వరుసలో తిప్పుతూ ఒక్కో భంగిమలో అర నిమిషం నుంచి నిమిషం వరకు ఉంచుతాము. మాత్రలు వికారాన్ని తగ్గించవచ్చు గాని రేణువులను కదిలించలేవు. అయితే మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలు చేయి పట్టు తప్పినా, అసలు నిలబడలేకపోయినా ఇది చెవి సమస్యేనని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

జవాబు 3 (విశాఖపట్నం)

వినికిడి ఉండి తూకం పోవడం ఎలా ఉంటుందో నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌కు జెంటామైసిన్ ఇంజెక్షన్లు తీసుకున్నాను. ప్రాణం నిలిచింది గాని, రెండు చెవుల్లోనూ తూకం చూసే కణాలు దెబ్బతిన్నాయి. నాకు గది తిరగదు. నడుస్తుంటే దుకాణాల బోర్డుల మీది అక్షరాలు ఎగిరెగిరి పడతాయి, నిలబడితేనే చదవగలను. సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే ఒక చేయి గోడ మీద ఉండాల్సిందే. మీ అమ్మగారిది సరిదిద్దగలిగే ఇబ్బంది కనుక ఆలస్యం చేయవద్దని మనవి.

ప్రశ్న అడిగినవారు

నిన్న అమ్మను తీసుకువెళ్లాము. కుడివైపు తల తిప్పి పడుకోబెట్టిన కొద్ది క్షణాలకు ఆమె కళ్లు వణకడం నేను పక్కనే నిలబడి చూశాను. నా చేతిని గట్టిగా పట్టుకుని "తిరుగుతోందే, తిరుగుతోంది" అంది. తరువాత తలను ఎడమకు తిప్పి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, ముఖం నేలవైపు ఉంచి, మెల్లగా లేపి కూర్చోబెట్టారు. కాసేపాగి మళ్లీ పరీక్షిస్తే కళ్లు కదలలేదు. రాత్రి భయపడుతూనే కుడివైపు ఒత్తిగిల్లి, కదలకుండా కాసేపు చూసుకుని, ఏమీ కాకపోయేసరికి అలాగే నిద్రపోయింది.