బాబీ మాథ్యూస్: 297 గెలుపులా, 166ఆ?

గులకరాయి: బాల్టిమోర్‌లో పుట్టిన బేస్‌బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) బాబీ మాథ్యూస్ (1851–1898) గురించి రెండు సందేహాలు. 5 అడుగుల 5 అంగుళాల మనిషి బ్యాటర్లను ఎలా బోల్తా కొట్టించాడు? పిచ్చర్‌గా అతని ఖాతాలోని గెలుపులు ఒకచోట 297 అనీ, ఇంకోచోట 166 అనీ ఎందుకుంటాయి?

స్కోరుబుక్కు: రెండు లెక్కలూ కరెక్టే. 1871–75లో నేషనల్ అసోసియేషన్ అనే లీగ్‌లో ఏడాదివారీగా 6, 25, 29, 42, 29. మొత్తం 131. ఆ తర్వాత నేషనల్ లీగ్‌లో 60, అమెరికన్ అసోసియేషన్‌లో 106. నేషనల్ అసోసియేషన్ మేజర్ లీగ్ (అగ్రశ్రేణి లీగ్) కాదని 1969లో రికార్డుల కమిటీ తేల్చింది. దాంతో 131 పోయాయి.

ఎడమచేతివాటం: పోలేదండీ, తీసేశారు! ఆ లీగ్ మొట్టమొదటి మ్యాచ్, 1871 మే 4, ఫోర్ట్ వేన్. మాథ్యూస్ జట్టు కెకియోంగాస్ 2, క్లీవ్‌లాండ్ 0. క్లీవ్‌లాండ్ మొదటి బ్యాటర్ డీకన్ వైట్ డబుల్ కొట్టి సెకండ్ బేస్ చేరాడు. తర్వాతివాడు కొట్టిన బంతిని సెకండ్ బేస్‌మన్ టామ్ కేరీ పట్టేసి, వైట్ వెనక్కొచ్చేలోపు బేస్ తొక్కాడు. ఒక్కడే ఇద్దర్నీ అవుట్ చేశాడు. రెండంకెల స్కోర్లు మామూలైన కాలంలో మాథ్యూస్ ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఇది లెక్కలోకి రాదా?

స్కోరుబుక్కు: ఆవేశం వద్దు. పది డాలర్లు కడితే ఏ జట్టయినా చేరొచ్చు. ఖాయమైన షెడ్యూలు లేదు. మీరు చెప్పిన కెకియోంగాసే ఆ ఆగస్టులో చేతులెత్తేసింది.

ఎడమచేతివాటం: మరి 1876లో మాథ్యూస్ జట్టు మ్యూచువల్స్ పడమటి ఊళ్లకు ఆడ్డానికి వెళ్లకుండా నేషనల్ లీగ్ నుంచే గెంటించుకుంది కదా? 1884లో ఒక్క సీజనే బతికిన యూనియన్ అసోసియేషన్‌ని అదే కమిటీ మేజర్ అంది. ముందు దానికి జవాబు చెప్పండి.

వంపుబంతి: మొదటి ప్రశ్న గాలికొదిలేశారు. అప్పుడు పిచ్చర్‌కీ బ్యాటర్‌కీ దూరం 45 అడుగులు, చెయ్యి తుంటి కిందనుంచే రావాలి. 1872లో మణికట్టు విదిలించడానికి ఒప్పుకున్నారు, వంపుబంతికి (గాల్లో వంపు తిరిగే కర్వ్‌బాల్‌కి) దారి దొరికింది. కానీ బ్యాటర్ ‘హై’ (నడుం పైన) అనో ‘లో’ (నడుం కింద) అనో ముందే అడిగేవాడు. ‘హై’ అడిగితే నడుం కిందికి జారిన వంపుబంతి స్ట్రైక్ (సరైన బంతి) కాదు. అందుకే వంపు ఎక్కడ మొదలవ్వాలో తెలియాలి. మాథ్యూస్ బలం అదే, వేగం కాదు.

తడిబంతి: ఉమ్మి సంగతి మర్చిపోయారు. తడి అరచేత్తో బంతిని ఒకేచోట తెల్లబడేదాకా రుద్దేవాడని చెప్పుకుంటారు.

వంపుబంతి: అది చెప్పుకునే మాట. రూలు మాట వేరు. ఆ కాలపు మరో పిచ్చర్ క్యాండీ కమ్మింగ్స్ వంపుబంతి పేరు మీదే 1939లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాకి) వెళ్లాడు. మాథ్యూస్ ఇప్పటికీ బయటే.

స్కోరుబుక్కు: 297 ఉన్నా బయటే. అన్నీ కలిపి లెక్కేస్తే, హాల్ బయట ఇంతకంటే ఎక్కువ గెలిచిన పిచ్చర్ రోజర్ క్లెమెన్స్ ఒక్కడే.

గులకరాయి: 1883, 84, 85లో ఫిలడెల్ఫియాకు ఏటా 30 గెలుపులు. భుజం పైనుంచి విసరడం వచ్చాకేనా ఇవి?

వంపుబంతి: కాదు. నేషనల్ లీగ్ 1884లోనే ఒప్పుకుంది, కానీ మాథ్యూస్ ఆడిన అమెరికన్ అసోసియేషన్ 1885 మధ్యలోగానీ ఒప్పుకోలేదు. మొదటి రెండు ముప్పైలూ చెయ్యి భుజం దాటకుండా గెలిచినవే.