‘అజ్ఞాత డబ్బు’, ‘కీచకుడి వధ’: ఈ రెండు మాటలూ సరేనా?

రాయగడ నుంచి ఒక తమ్ముడి ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. 2024 డిసెంబరు 4న న్యూయార్క్‌లో ఆరోగ్య బీమా సంస్థ సీఈవో బ్రయాన్ థాంప్సన్‌ను హోటల్ బయట కాల్చి చంపారు కదా. దాని మీద ఒక తెలుగు వ్యాసం మా వాట్సాప్‌లో తిరుగుతోంది. శీర్షిక ‘బీమా కీచకుడి వధ’. చివర్లో ‘ఇకపై ఇలాంటి పనులకు బిట్‌కాయిన్ అనే అజ్ఞాత డబ్బు చందాలుగా వస్తుంది, ఎవరూ పట్టుకోలేరు’ అని ఉంది. బిట్‌కాయిన్ అంటే కంప్యూటర్లలోనే చేతులు మారే డబ్బట. అనానిమస్‌కు అజ్ఞాత అనొచ్చా, అనామక అనాలా? మా ఒడియా స్నేహితుడైతే బేనామీ అంటే చాలు కదా అంటున్నాడు.

పర్లాకిమిడి నుంచి జవాబు:

తమ్ముడూ, బేనామీతో మొదలుపెడతాను. నేను దస్తావేజులు రాసుకు బతికేవాణ్ని, అది రోజూ చెవిన పడే మాట. ఫార్సీలో ‘బే’ అంటే లేనిది, కాబట్టి బేనామీ అంటే పేరు లేనిది. కానీ పేరు లేకుండా దస్తావేజు పుట్టదు. డబ్బు పెట్టింది ఒకరు, కాగితం మీద పేరు బావమరిదిదో డ్రైవరుదో. 1988లో వచ్చిన చట్టం పేరులోనే ఈ మాట ఉంది, అక్కడా అర్థం ఇదే. బిట్‌కాయిన్‌లో ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవడం లేదు కనుక ఇది కుదరదు.

అనామకం నిఘంటువులో సరిపోతుంది గానీ మన నోట్లో సరిపోదు. ‘ఎవడో అనామకుడు’ అంటే ఊరూ పేరూ లేనివాడు, లెక్కలోకి రానివాడు అనే తీసుకుంటాం.

అజ్ఞాతమే సరైన మాట. అయితే ఆ వ్యాసకర్త అనుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. అజ్ఞాతం అనగానే మనకు వెంటనే గుర్తొచ్చేది పాండవుల ఏడాది. వాళ్లేమైనా గుహలో దాక్కున్నారా? విరాటుడి కొలువులో పట్టపగలు తిరిగారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటశాలలో వలలుడు, అర్జునుడు బృహన్నల. పనులన్నీ అందరి కళ్ల ముందే. తెలియనిది ఒక్కటే, ఆ పేరు వెనక ఉన్న మనిషి ఎవరని. తెలిస్తే మళ్లీ పన్నెండేళ్లు అడవికి.

బిట్‌కాయిన్ అచ్చం అంతే. 2009 జనవరి 3న మొదలైన దగ్గర్నుంచి ప్రతి లావాదేవీ ఎవరైనా చూడగలిగే చిట్టాలో ఉంది. మనిషి పేరుకు బదులు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. ఆ చిట్టా చదివేవాళ్లు ఖర్చు పెట్టే తీరు చూస్తారు. రెండు గుర్తుల కింద ఉన్న సొమ్ము ఒకే లావాదేవీలో కలిపి ఖర్చయిందా, రెండూ ఒకే చేతివని సాధారణంగా లెక్క కడతారు. ఎక్కడో ఒకచోట దాన్ని మామూలు డబ్బుగా మార్చుకోవాలి కదా, ఆ అంగడివాడు పాన్, ఆధార్ అడుగుతాడు. అక్కడ ముసుగు జారుతుంది. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లలోకి దొంగచాటుగా దూరి వాటికి తాళం వేసి కూర్చున్నవాళ్లు 75 బిట్‌కాయిన్లు గుంజారు. మరుసటి నెలకే పోలీసులు చిట్టా పట్టుకుని వెళ్లి 63.7 వెనక్కి తెచ్చారు.

మా కార్యాలయంలో చదువురాని ముసలమ్మ ఎడమ బొటనవేలు సిరాలో అద్ది నిశానీ వేస్తుంది, వేలు తల వెంట్రుకలకు తుడుచుకుంటుంది. ‘నా పేరు నువ్వే రాసుకో బాబూ, వేలు మాత్రం నాదే’ అంది ఒకావిడ. పేరు ఎవరైనా రాయొచ్చు, నిశానీ ఆవిడ ఒక్కతే వేయగలదు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో మన కలకత్తాలోనే పెట్టారు.

న్యూయార్క్ కేసులోనూ ఇదే జరిగింది. అనుమానితుడు మారుపేరు కార్డుతో హాస్టల్లో దిగాడని అభియోగం. అక్కడి ఘటనాస్థలం దగ్గర దొరికిన నీళ్ల సీసా మీది వేలిముద్రలు అతనివేనని పోలీసులు చెప్పారు. అయిదో రోజున ఆల్టూనాలో మెక్‌డొనాల్డ్స్‌లో ముఖం చూసి గుర్తుపట్టారు. అతను నేరం ఒప్పుకోలేదు, కాబట్టి అభియోగం అనే అంటున్నాను.

గుణుపురం నుంచి:

మాస్టారూ, మరి కీచకుణ్ని చంపింది భీముడేనని దుర్యోధనుడు ఎలా పసిగట్టాడు? అదీ నిశానీయేనా?

పర్లాకిమిడి నుంచి:

నిశానీయేనమ్మా! తెల్లారేసరికి నర్తనశాలలో శవం ఉంది గానీ కాళ్లేవో తలేదో తెలియని ముద్దగా ఉంది. ఊరంతా గంధర్వుల పని అంది. కీచకుణ్ని అలా నలిపి చంపగల చేతులు లోకంలో ఎన్నున్నాయని లెక్కపెట్టినవాడికి మాత్రం వలలుడు వలలుడుగా మిగల్లేదు. పేరు దాగింది, పట్టు దాగలేదు.

ఇక వధ. ఈ మాట నన్ను నిన్న రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కంసవధ, నరకాసురవధ, కీచకవధ: ఈ మాటలో తీర్పు ముందే ఉంది. చచ్చినవాడు చావదగినవాడని వినేవాడు ఒప్పేసుకుంటాడు. థాంప్సన్ చనిపోయాడని ఆ సంస్థ ఫేస్‌బుక్‌లో పెడితే నవ్వు బొమ్మలు వేలకొద్దీ వచ్చాయి. తూటాల తొడుగుల మీద ‘డిలే, డినై, డిపోజ్’ (ఆలస్యం చెయ్, కాదను, గద్దె దించు) అని రాసి ఉండటంతో క్లెయిమ్ ఎగ్గొట్టించుకున్న వాళ్లందరికీ అది తమ మాటలాగే వినపడింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. మా ఆవిడ ఆపరేషన్‌కు ఒక బీమా కంపెనీ ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంది. ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. అయినా వధ అనడానికి నా చెయ్యి రాదు.

బరంపురం నుంచి:

అన్నయ్యా, ఒడిశాలో కంస బధ బరగడ ధనుయాత్రలో ఏటా ఆడతారు, అక్కడ మీరన్నది నిజమే. కానీ గోవధ, పశువధ అంటామే, అవి మెచ్చుకోళ్లా? ‘నన్ను వధపెట్టకురా’ అని మా అమ్మ రోజుకి పదిసార్లు అనేది.

పర్లాకిమిడి నుంచి:

నిజమే తల్లీ, దిద్దుకుంటాను. వధలో ఎప్పుడూ మెప్పే ఉండదు. కానీ రాక్షసుడికైనా ఆవుకైనా ఒకటే పోలిక: వాళ్లకు అడిగే నోరు లేదు, వినే న్యాయస్థానం లేదు. మీ అమ్మగారి మాటలోనూ అదే గోడు. హత్య అనగానే ఎవరు, ఎందుకు, సాక్ష్యమేది అనే ప్రశ్నలు వెంటపడతాయి. వధ అన్నాక అడగడానికి ఏమీ మిగలదు.

రాయగడ నుంచి:

మరి బిట్‌కాయిన్ లాంటివే మొనేరో వంటి వేరే డబ్బులు ఉన్నాయట అన్నయ్యా, పంపిందెవరో, ఎంతో కూడా చిట్టాలో కనపడదట. అదీ అజ్ఞాతమేనా?

పర్లాకిమిడి నుంచి:

కాదు, దానికి మన దగ్గర వేరే మాట ఉంది. మీ మజ్జిగౌరి గుడి హుండీలో మడత నోటు వేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తావే, దాన్ని గుప్తదానం అంటాం. మొనేరోకు గుప్త అను, బిట్‌కాయిన్‌కు అజ్ఞాత అను, ‘ఎవరూ పట్టుకోలేరు’ కొట్టెయ్యి.

శీర్షికలో కీచకుడు, వధ రెండూ తీసెయ్యి. ఇంకొకటి గమనించావా, ఆ శీర్షికలో చనిపోయినాయన పేరే లేదు. ఇద్దరు కొడుకుల తండ్రి ఆయన. ‘బ్రయాన్ థాంప్సన్ హత్య’ అని పెట్టి పంపు.