శ్రమల వారంలో ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ వేయొచ్చా?

బొబ్బిలి_యూత్:
అందరికీ వందనాలు. మెల్ గిబ్సన్ యేసు శ్రమల మీద తీసిన ఈ సినిమా (2004) మా సంఘం యౌవనస్తులకి ప్రొజెక్టర్ మీద వేద్దామని అనుకుంటున్నాం. మాది బాప్టిస్టు సంఘం. ‘అది ఆర్సీఎం (రోమన్ కాథలిక్) సినిమా’ అని పెద్దలు, ‘అంతా రక్తమే’ అని ఇంకొందరు అంటున్నారు. వచ్చేవాళ్లలో పన్నెండేళ్ల పిల్లలూ ఉన్నారు. అసలు అందులో ఏముందో తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_గట్టు:
పిల్లలకైతే వద్దండి, ఇందులో రెండో మాట లేదు. అమెరికాలోనే ‘ఆర్’ ఇచ్చారు. పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్ల తోడు లేకుండా చూడకూడదని. కొరడా దెబ్బలు యోహాను 19:1లో ఒక్క వచనం. సినిమాలో అదే నిమిషాల కొద్దీ సాగుతుంది. ముందు బెత్తాలు, తర్వాత కొసలకు ముళ్లున్న కొరడా. సైనికుడు మొదట దాన్ని బల్ల మీద కొడతాడు, చెక్కలో దిగబడిపోతుంది. తర్వాత ఒంటి మీద ఏమవుతుందో అక్కడే తెలిసిపోతుంది. హింస తగ్గించి 2005లో ఇంకో కూర్పు వదిలారు గానీ, తీసేసింది ఓ ఐదు నిమిషాలే. చిన్నవాళ్లకి విజయచందర్ ‘కరుణామయుడు’ (1978) వేయండి, చాలు.

పాలకొండ_పాఠకుడు:
మీ పెద్దల మాట కొట్టిపారేసేది కాదు. ఆన్ కాథరిన్ ఎమ్మెరిక్ (1774–1824) అనే జర్మన్ సన్యాసిని దర్శనాల పుస్తకం నుంచి గిబ్సన్ చాలా తీసుకున్నాడు. రోమా అధిపతి పిలాతు భార్య, యేసు తల్లి మరియకు గుడ్డలు ఇవ్వడం అందులోదే. వెరోనికా అనే స్త్రీ యేసు ముఖం తుడవడం, దారిలో మూడుసార్లు పడిపోవడం ఆర్సీఎం వాళ్ల సిలువ మార్గం ప్రార్థనలోని 14 స్థలాల్లో ఉన్నవి, సువార్తల్లో లేవు. దొంగ కన్ను పొడిచే కాకి, గెత్సేమనేలో పాము కూడా బైబిలు ఘట్టంలో లేనివే. పాము తల తొక్కడం మాత్రం ఆదికాండము 3:15ని గుర్తుచేయడానికి.

వీటికంటే పెద్ద తగువు యూదుల గురించి. మత్తయి 27:25లో జనం అన్న ‘వాని రక్తము మా మీదను మా పిల్లల మీదను ఉండును గాక’ అనే మాట అరామిక్‌లో వినిపిస్తుంది, కింద సబ్‌టైటిల్ మాత్రం తీసేశారు. పిలాతు మెత్తగా, యూదుల ప్రధాన యాజకుడు కయప కర్కశంగా కనిపిస్తారు. నిజానికి సిలువ రోమా శిక్ష, వేయించే అధికారం పిలాతుది. అదే కాలంవాడైన యూదు తత్వవేత్త ఫిలో రాసిన పిలాతు క్రూరుడు. క్రీస్తు మరణం యూదులందరి మీదా వేయరాదని కాథలిక్ సంఘపు రెండో వాటికన్ సభ 1965లోనే చెప్పింది. ఈ ఒక్క సంగతీ సినిమాకి ముందే చెప్పండి, తర్వాత చెబితే ఎవరూ వినరు.

బొబ్బిలి_యూత్:
దెబ్బల ఘట్టం దాటేసి వేస్తే?

వంశధార:
అలాగైతే మొత్తం ఒగ్గీండి బాబూ. ఆ దెబ్బల మధ్యలోనే ఆయన చూపు ఒక సైనికుడి చెప్పు మీద పడుతుంది, అక్కడి నుంచి శిష్యుల కాళ్లు కడిగిన రాత్రికి వెళ్తుంది కథ. కొండమీద ప్రసంగం, రొట్టె విరవడం కూడా ఇలా మధ్యమధ్యలో వచ్చినవే. హింస ఉన్నచోటల్లా దాటేస్తే అవీ పోతాయి, అర్థం తెగిపోతుంది.

పద్దెనిమిది దాటినవాళ్లకే పెట్టండి. ముందురోజు యోహాను 18, 19 చదివించండి. మాటలు అరామిక్, లాటిన్, హీబ్రూల్లో ఉంటాయి, కాబట్టి సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్లకి కథ ముందే తెలిసుండాలి. మైకులో అనువాదం చెప్పబోకండి, నిశ్శబ్దం చెడుతుంది. శుభ శుక్రవారం 12 నుంచి 3 దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన ఎలాగూ ఉంటాది గదా, సినిమా గురువారం రాత్రికి పెట్టకండి. జనం నిద్రలేకుండా ఆరాధనకొస్తారు. బుధవారం మంచిది. లైట్ల దగ్గర కూకున్న కుర్రాడికి కూడా చెప్పండి: సిలువ దించగానే వేసీకూడదు. ఆ తర్వాత రాయి కదలడం, నారబట్ట కుంగిపోవడం, అరచేతి రంధ్రం ఉన్నాయి. పునరుత్థానం అంతే, ఒకట్రెండు నిమిషాలు.