నలుగురిలో పాడాలంటే గొంతు వణుకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: కర్ణాటక సంగీతంలో వర్ణాలు, కొన్ని కృతులు వచ్చు. ఎవరైనా వింటుంటే గొంతు వణుకుతుంది, తాళం పరిగెడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఇది నా గొంతేనా అనిపిస్తుంది. దసరాకి గుడిలో పాడమంటున్నారు. ఒప్పుకోనా?

జవాబు 1: తప్పకుండా ఒప్పుకోండి. మన గొంతు మనకు గాలిలోంచే కాక పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, ఆ దారిలో లోతైన (మంద్ర) ధ్వని ఎక్కువ చేరుతుంది. రికార్డింగులో అది ఉండదు కాబట్టి పల్చగా అనిపిస్తుంది. వినేవాళ్లకు మీ గొంతు మొదటినుంచీ అదే. రోజూ ఒకే కృతి రికార్డు చేసి మర్నాడు వినండి. శ్రుతి, తాళం, సాహిత్యం, ఈ మూడే చూడండి. ‘బాగాలేదు’ అని రాసుకుంటే దిద్దుకోవడానికి ఏమీ దొరకదు. ‘చరణంలో తారషడ్జం (పై ‘స’) శ్రుతికి తగ్గింది’ అని రాస్తే ఆ ఒక్క చోటునే పదిసార్లు సాధన చేయొచ్చు.

జవాబు 2: వణుకు చాలావరకు ఊపిరి వల్లనండీ. భయంలో భుజాలెత్తి పైపైన పీలుస్తాం, పంక్తి మధ్యలో అయిపోతుంది. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదలండి, ఓ ఐదుసార్లు. మీరు పాడే శ్రుతి (ఆధార ‘స’ ఎత్తు) ఐదున్నర అయితే ఆ రోజు కాస్త తగ్గించి ఐదు పెట్టుకోండి, పైస్వరాలకు భయం తగ్గుతుంది. కొత్త కృతి మాత్రం వద్దు. ముందు ఇంట్లో ఒకరికి, తర్వాత ముగ్గురు నలుగురికి వినిపించండి.

జవాబు 3: శ్రుతి వినిపించే తంబూరా యాప్ స్పీకరు మీ చెవి దగ్గరే ఉండాలి. గుడి మైకుల హోరులో శ్రుతి వినబడకే చాలామంది తప్పుతారు. సాహిత్యం మర్చిపోతే ఆగకుండా పల్లవి ఎత్తుకోండి.